శివయోగ సాధన – తొలి మెట్లు



ఒకే పానవట్టముపై రెండు శివలింగములు వెలసిన క్షేత్రము కాళేశ్వరము. శ్రీశైలము, ద్రాక్షారామములతో కలిపి త్రిలింగ క్షేత్రములలో నొకటిగా దీనిని పెద్దలు లెక్కించుదురు. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగు వరకు ఈ క్షేత్రము కరీంనగరు జిల్లాలో నుండెను; నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరియున్నది. అచ్చటి రెండు లింగములలో ఒకటి కాళేశ్వరుడు, అనగా యమధర్మరాజు పేర వెలసినది. రెండవది ముక్తీశ్వరుడు. స్థలపురాణము చెప్పునదేమనగా, ముక్తీశ్వరుని దర్శించినవారెల్లరు నేరుగా ముక్తులై పోవుచుండగా యమునకు పని లేకపోయెనట. అతడు శివునితో మొరపెట్టుకొనెను. శివుడు అతనిని గద్దింపలేదు, పంపివేయలేదు. తన పానవట్టము మీదనే అతనికి చోటిచ్చి, ముందు కాలుని పూజించి పిమ్మట తన్ను పూజించినవారికే ముక్తి యని నియమించెను. అందుచేతనే యాత్రికులు ముందు కాళేశ్వరుని అర్చించి తరువాత ముక్తీశ్వరుని అర్చింతురు.

యోగమును నేర్వగోరు వారికి ఈ వరుస చక్కని ప్రథమ పాఠము. పతంజలి మహర్షి యోగమునకు ఎనిమిది అంగములు చెప్పెను. యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి యని వాని పేర్లు. మొదటి అంగము యమము. యముడన్నను, యమమన్నను అదుపు చేయునది యనియే సంప్రదాయజ్ఞులు వ్యుత్పత్తి చెప్పుదురు. ముక్తీశ్వరుని కడకు పోదలచినవాడు యముని దాటి పోజాలనట్లే, సమాధిని కోరువాడు యమమును దాటవేసి పోజాలడు. నేటి సాధకులలో పెక్కుమంది చేయుచున్నది సరిగా ఆ దాటవేతయే.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూన్ 21ని అంతర్జాతీయ యోగ దినముగా ప్రకటించినది. 2015 నుండి ఏటేట ఆ ఉదయమున పాఠశాలల మైదానములలో, కార్యాలయముల ఆవరణలలో చాపలు పరచి వందలాది జనులు ఆసనములు వేయుచున్నారు. యోగమను మాట ప్రతి గ్రామమునకు చేరినందుకు సంతోషింపవలసినదే. కాని మరునాటి ఉదయము ఆ చాపలలో ఎన్ని అటకెక్కుచున్నవో ఎవరింటి లెక్క వారికే తెలియును. ఒక్క దినపు ఉత్సవము వేరు, నిత్యసాధన వేరు.

నిత్యసాధన యనగానే ఈ ప్రాంతపు కష్టజీవులు ఒక ప్రశ్న అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. సిరిసిల్లలో మరమగ్గముల నడుమ దినమంతయు నిలుచుండు నేతకార్మికుడు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పట్టణములలో ఒడిలో చాట పెట్టుకొని మెడ వంచి బీడీలు చుట్టు తల్లి, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుబావులలో దిగి వచ్చిన కార్మికుడు, వరినాట్ల కాలమున మోకాలిలోతు బురదలో నడుము వంచు కూలితల్లి – వీరందరు అడుగునది ఒక్కటే: "పొద్దంతయు ఒళ్లు హూనమైన మాకు మరల ఈ వ్యాయామమెందుకు? యోగము కూర్చుండి తినువారికి కదా!"

ఈ ప్రశ్నకు సమాధానము కష్టపడు దేహములోనే ఉన్నది. పని దేహమును వంచును, కాని ఒకే వైపునకు వంచును. బీడీలు చుట్టు తల్లి మెడ ముందునకే వంగును గాని వెనుకకు వంగదు. నాటువేయు స్త్రీ నడుము క్రిందికే వంగును. మగ్గము కడ నిలుచున్నవాని బరువు అంతయు పాదములపైననే యుండును. దినములు, ఏండ్లు ఇట్లే గడచిన పిమ్మట ఆ వంపు దేహమునకు అలవాటై, అలవాటు నొప్పియై, నొప్పి కొంతకాలమునకు విధివ్రాత యనిపించును. ఆసనము పనికి మారు కాదు, పనిపై పని యును కాదు. పని ఒకవైపు వంచిన దానిని మరియొకవైపునకు మెల్లగా తెచ్చునది. కాయకమును శివపూజతో సమానముగా నిలిపిన బసవేశ్వరుని మార్గమున, ఆ కాయకమునకు సాధనమైన కాయమును కాపాడుకొనుట విలాసము కాజాలదు.

ఇక యమము మాట. పతంజలి చెప్పిన యమములు ఐదు: అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. బసవేశ్వరుని వచనములలో మిక్కిలి ప్రసిద్ధమైన ఒక దానియందు ఏడు నిషేధములు కలవు. వానిలో మొదటి మూడు – దొంగతనము, హత్య, అసత్యము – పతంజలి చెప్పిన వానితో సరిపోవును. మిగిలిన నాలుగు మాత్రము విశేషముగా గమనింపదగినవి. కోపము, పరులను ఏవగించుకొనుట, తన్ను తాను పొగడుకొనుట, ఎదుటివానిని నిందించుట – ఈ నాలుగింటిని కూడ ఆయన వాని సరసన నిలిపెను. ఈ ఏడింటిని విడుచుటయే లోపలి శుద్ధి, వెలుపలి శుద్ధి యని ఆయన బోధ.

ఆ నాలుగింటి యందును ఒక సామాన్య లక్షణము కలదు. వీనిని గుహలో ఒంటరిగా కూర్చుండి సాధించుటకు వీలు లేదు. కోపము అణగెనో లేదో తెలియుటకు ఎదుట మరియొక మనిషి కావలెను. తెల్లవారుజామున గంటసేపు కన్నులు మూసుకొని కూర్చుండి, పొద్దెక్కగానే గట్టు పంచాయితీలో తోడబుట్టినవానిపై కఱ్ఱ ఎత్తువాడు ఆసనము నేర్చెనేమో గాని యోగమును నేర్వలేదు. ఏవగింపు సంగతి మరియు కఠినమైనది. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున వెలసిన అనుభవ మంటపములో చాకలి వృత్తి చేయు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య సమానముగా కూర్చుండి తత్త్వవిచారము చేసిరి. ఎదుటివాని కులము చూచి ముఖము త్రిప్పుకొను సాధకుడు ఆ సభలో ఒక్క ఘడియ కూర్చుండగలిగెడివాడా? వేసవిలో కుండలోని నీరు ఇచ్చునపుడు గ్లాసు వేరు చేయు ఇంటిలో ఎన్ని ఆసనములు వేసినను మొదటి మెట్టు ఎక్కినట్లు కాదు.

నియమములు కూడ ఐదే. శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము. వీనిని వేరుగ వివరింపనక్కరలేదు. వేకువనే లేచి స్నానము చేసి విభూతి ధరించి లింగపూజ చేసి, దొరకిన దానిని దాసోహభావముతో పంచుకొని తినువాని యింట ఇవి తమంత తామే నడచుచుండును.

మూడవ అంగమైన ఆసనము విషయమున క్రొత్తవారికి భయము హెచ్చు. పుస్తకములలో, తెరలపైన కనబడు మెలికలను చూచి, అట్లు వంగుట తమ వలన కాదని వెనుదీయుదురు. పతంజలి యోగసూత్రములలో ఆసనములకు పేర్ల పట్టిక లేదు. స్థిరముగా, సుఖముగా నుండు కూర్కొను తీరునకే ఆయన ఆసనమని పేరు పెట్టెను. తల క్రిందికి పెట్టి కాళ్లు పైకెత్తుట మొదలైనవి తరువాతి కాలపు హఠయోగ గ్రంథములలో విస్తరించినవి. తొలి సాధకునకు అవి పనిలేదు. ముఖ్యముగా రక్తపోటు, కంటిలోపలి ఒత్తిడి, మెడ ఎముకల అరుగుదల ఉన్నవారు శీర్షాసనమును కన్నెత్తి చూడరాదు.

మొదటి నెలకు నాలుగైదు ఆసనములు చాలును. పరగడుపున, లేదా భోజనమైన మూడు నాలుగు గంటల పిమ్మట, గాలి ఆడు చోట, చాపయో కంబళియో పరచుకొని మొదలుపెట్టవలెను. ముందుగా పాదములు చేర్చి నిటారుగ నిలుచుండి, చేతులు పైకెత్తి, మడమలు నేలనుండి లేపి, ఒడలంతయు పైకి సాగునట్లు రెండు మూడు శ్వాసల కాలము నిలువవలెను. ఇది తాడాసనము. తాటిచెట్టు నిలుచున్నట్లు నిలుచుట. తూలుదుమని భయమున్న వృద్ధులు గోడ నాసరాగా పట్టుకొనవచ్చును, మడమలు లేపకపోయినను దోషము లేదు. పిమ్మట మోకాళ్లు, అరచేతులు నేల నానించి, శ్వాస పీల్చుచు నడుమును క్రిందికి దించి తల ఎత్తుట, శ్వాస విడుచుచు వీపును పైకి గుండ్రముగా లేపి తల దించుట. పిల్లి ఒళ్లు విరుచుకొనునట్లుండును గనుక మార్జాలాసనమందురు. నాటువేసి వచ్చిన నడుమునకు ఇంతకంటె మేలైనది లేదు. పదిసార్లు చేసినను అలసట కలుగదు. తరువాత బోర్లపడుకొని, అరచేతులు భుజముల ప్రక్క నుంచి, ఛాతిని మాత్రమే మెల్లగా ఎత్తుట భుజంగాసనము. చేతులతో నెట్టి ఎంత ఎత్తు లేచితిమను పట్టుదల కూడదు. బొడ్డు నేలకు అంటియుండగా ఎంత లేచిన అంతే. దినమంతయు మెడ వంచి బీడీలు చుట్టు తల్లికి ఈ ఒక్క ఆసనము నిత్యము నాలుగుసార్లు చేసినను మెడకు, భుజములకు ఊరట కలుగును. గర్భిణులు మాత్రము దీనిని విడువవలెను. మగ్గము కడ నిలుచువారు పని ముగిసిన పిమ్మట వెల్లకిల పడుకొని కాళ్లను గోడకు చేర్చి ఐదు నిమిషములుంచినచో పాదముల బరువు దిగును.

చివరకు శవాసనము. వెల్లకిల పడుకొని, కాళ్లు చేతులు వదులుగా పరచి, కదలక యుండుట. చూచుటకు సులభము; కాని నిజముగా చేయుట అన్నింటికంటె కష్టము. కునుకు పట్టును, లేదా అప్పుల లెక్కలు, పిల్లల పెండ్లిండ్లు తలలో తిరుగును. పాదముల వ్రేళ్ల నుండి నడినెత్తి వరకు ఒక్కొక్క అవయవమునే తలచుచు దాని బిగువు విడుచుచు రావలెను. ఐదు నిమిషములైనను దీనిని చేయక లేచినచో ముందు చేసిన ఆసనములన్నియు సగము ఫలమునే ఇచ్చును.

ఆసనములు చేయునపుడు లాగినట్లు తోచుట సహజము. గుచ్చినట్లు, మెరిసినట్లు నొప్పి కలిగిన తక్షణము ఆపవలెను. దీర్ఘకాలపు నడుమునొప్పికి మందులకు ముందు ప్రయత్నింపదగిన పద్ధతులలో యోగమును కూడ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చినది. రక్తపోటు కొంత తగ్గుట, నిద్ర కుదురుట, వృద్ధులలో తూలుడు తగ్గుట మొదలైన మేళ్లను గూర్చియు పరిశోధనలు జరుగుచున్నవి. ఐతే యోగము మొదలిడితినని చక్కెరజబ్బు మాత్రలను, రక్తపోటు మాత్రలను తమంత తాము మానివేయుట మూర్ఖత్వము. ఏ మాత్ర తగ్గింపవలెనో చెప్పవలసినవాడు వైద్యుడు గాని ఆసనము నేర్పువాడు కాడు.

కాళేశ్వరము కడ గోదావరిలో కలియు నది పేరు ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగ నదులు ఏకమై, పూర్వపు ఆదిలాబాదు జిల్లా సరిహద్దు వెంట దిగివచ్చి ఆ పేరుతో గోదావరిని చేరుచున్నవి. ప్రాణమునకు హితమైనది యని ఆ మాటకు అర్థము. అంతర్వాహినిగా సరస్వతి కూడ అచ్చట కలియునని చెప్పి ఆ చోటును త్రివేణీ సంగమమందురు. ముక్తీశ్వర లింగమునకు నాసికారంధ్రములని పిలువబడు రెండు రంధ్రములు కలవు. అందు పోసిన జలము భూమి అడుగున ప్రవహించి సంగమమున కలియునని భక్తుల నమ్మకము. ఎడమ ముక్కున నడచు ఇడ, కుడి ముక్కున నడచు పింగళ, నడుమ కనబడక నడచు సుషుమ్న – యోగశాస్త్రము చెప్పు ఈ మూడు నాడులకు ఇంత పోలిక గల క్షేత్రము మరియొకటి ఈ ప్రాంతమున కానరాదు. ప్రాణాయామమును వివరించు గురువులు సంగమమును చూపి చెప్పినచో పామరునకును ఇట్టే బోధపడును.

మనుష్యుడు అహోరాత్రమునకు 21,600 సార్లు శ్వాసించునని యోగగ్రంథములు చెప్పుచున్నవి. లెక్కించి చూచినచో నిమిషమునకు పదిహేను సార్లగును. విశ్రాంతిగా నున్న పెద్దవారి శ్వాస నిమిషమునకు 12 నుండి 20 వరకు నుండునను నేటి వైద్యుల లెక్కకు ఇది చక్కగా సరిపోవుచున్నది. ఇన్ని వేల శ్వాసలలో ఒక్కదానినైనను ఎరిగి పీల్చిన దినము ఎంతమందికి కలదు? ప్రాణాయామమనగా ముక్కు బిగబట్టుట కాదు. ముందు ఎరుక, పిమ్మట మందగతి, అటుపిమ్మట నిలుపుదల. ఈ మూడవది గురుముఖమున తప్ప తొలి సాధకుడు ముట్టరాదు. పూరకమునకు నాలుగింతలు కుంభకము, రెండింతలు రేచకము అను శాస్త్రపు కొలతను పుస్తకములో చదివి తామే ప్రయోగించి, తల తిరిగి పడినవారు కలరు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారికి, గర్భిణులకు కుంభకము తగదు.

తొలి సాధకుడు చేయదగినది ఇది. వెన్ను నిలిపి సుఖముగా కూర్చుండవలెను. నేలపై కూర్చుండలేనివారు కుర్చీలో కూర్చుండినను యోగమునకు కొరత రాదు. పంచాక్షరిని మనసులో ఒకసారి తాపీగా జపించునంత కాలము ముక్కుతో గాలి పీల్చి, రెండుసార్లు జపించునంత కాలము మెల్లగా విడువవలెను. ఇట్లు పది శ్వాసలు. వారము గడచిన పిమ్మట నాడీశోధనము మొదలిడవచ్చును. కుడిచేతి బొటనవ్రేలితో కుడిముక్కు మూసి ఎడమముక్కుతో పీల్చి, ఉంగరపువ్రేలితో ఎడమముక్కు మూసి కుడిముక్కుతో విడిచి, మరల కుడితోనే పీల్చి ఎడమతో విడిచినచో ఒక ఆవృత్తి యగును. ఐదు ఆవృత్తులు చాలును. శ్వాసను విడుచుట పీల్చుటకంటె దీర్ఘముగా నున్నచో గుండె వేగము తగ్గి మనసు నెమ్మదించును. కోపము వచ్చిన ఘడియలో నిట్టూర్చుటకు ముందు ఇట్టి శ్వాసలు నాలుగు విడిచి చూచినవానికి, బసవేశ్వరుడు కోపమును ఆ ఏడింటిలో ఎందుకు చేర్చెనో తెలియును.

బొగ్గుబావులలో పనిచేసినవారికి ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఏండ్లకొలది పీల్చిన ధూళి చేత గట్టిపడిన ఊపిరితిత్తిని ప్రాణాయామము మరల క్రొత్తది చేయజాలదు. చేయునని చెప్పువారి మాటలు నమ్మరాదు. మిగిలియున్న బలమును చక్కగా వాడుకొనుటకు, ఆయాసమున కలుగు కంగారును తగ్గించుకొనుటకు మాత్రము మందగతి శ్వాస తోడ్పడును. వేగముగా పొట్ట కొట్టుకొను భస్త్రిక, కపాలభాతులు అట్టివారు వైద్యుని అనుమతి లేనిదే చేయరాదు.

ఇంతవరకు దేహము, శ్వాస. ఇచ్చటనే ఆగిపోవు సాధకులు పెక్కుమంది. దేహము తేలికయగును, నిద్ర పట్టును, నలుగురు మెచ్చుకొందురు. మెప్పు తలకెక్కును. అట్టివారు తెలిసికొనవలసిన కథ ఒకటి ప్రభులింగలీలలో కలదు. 15వ శతాబ్దిలో చామరసు కన్నడమున రచించిన ఈ కావ్యమును పిడుపర్తి కవులు తెలుగు చేసిరి. అనుభవ మంటపపు శూన్య సింహాసనము నధిష్ఠించిన అల్లమప్రభువే ఇందు నాయకుడు.

గోరక్షుడు హఠయోగమున ఆరితేరినవాడు. తపస్సుచేత, యోగసాధనచేత అతని దేహము వజ్రమువలె గట్టిపడినది. అల్లముడు ఎదురైనపుడు అతడు తన సిద్ధిని గూర్చి గొప్పగా చెప్పుకొనెను. తన దేహమునకు చావు లేదని, కావలసినచో ఖడ్గముతో కొట్టి చూడుమని పలికెను. అల్లముడు ఖడ్గమందుకొని కొట్టెను. ఖంగుమని మ్రోగెను, వెంట్రుకయైనను తెగలేదు. గోరక్షుడు ఉప్పొంగెను. అల్లమునకు మాత్రము ఆ మ్రోతలోనే కొరత వినబడినది. దెబ్బకు మ్రోగునది ఇంకను దేహమే. పిమ్మట అల్లముడు తన్ను కొట్టుమనెను. గోరక్షుడు ఖడ్గమెత్తి కొట్టెను. ఖడ్గము అటునుండి ఇటు, ఇటునుండి అటు గాలిలో దూసిపోయినట్లు పోయెను. తాకుటకు ఏమియు దొరకలేదు. గోరక్షుని చేతిలోని ఖడ్గముతోపాటు అతని గర్వమును జారెను. ఆ దినమున అతడు అల్లముని కడ శిష్యుడై ఉపదేశము పొందెను.

ఈ కథను మాయగా చదువువారు మాయగా చదువుదురు గాక. సాధకునకు కావలసినది ఆ రెండు దేహముల భేదము. ఒకడు యోగముచేత గట్టిపడెను, మరియొకడు యోగముచేత లేకుండెను. గోరక్షుడు తక్కువవాడు కాడు. కావ్యము కూడ అతనిని హేళన చేయలేదు. చివరి మెట్టు మీద నిలుచున్న ఆ మహాయోగికి మిగిలియున్నది ఒక్క 'నేను'. ఆసనము బాగుగ కుదిరిన దినమున చుట్టుప్రక్కలవారు చూచుచున్నారా యని ఓరకంట చూచు క్రొత్త సాధకునకును మిగిలియున్నది అదే. ఆత్మస్తుతిని బసవేశ్వరుడు దొంగతనము, హత్యల సరసన ఎందుకు నిలిపెనో గోరక్షుని కథ వలన స్పష్టమగుచున్నది.

మరి ఈ 'నేను' కరుగుట ఎట్లు? ఇందులకే శివయోగము. పతంజలి క్రమమున ధ్యానము ఏడవ మెట్టు. ఎన్నో ఏండ్ల అభ్యాసము పిమ్మట చేరవలసిన చోటు. వీరశైవమున గురువు దీక్ష నిచ్చిన దినముననే ఇష్టలింగమును శిష్యుని అరచేతిలో నుంచును. గమ్యమేదో అది మొదటనే చేతికి వచ్చును. మిగిలిన అంగములన్నియు దాని చుట్టు చేరును. చదువు వచ్చినవారికి, రానివారికి, స్త్రీలకు, పురుషులకు ఒకే లింగము, ఒకే విధానము. ఇంతటి సౌలభ్యము చేతికందియుండగా, దీక్షనాడు మూసిన లింగకాయను మరల తెరువని ఇండ్లు నేడు కలవు. మెడలో వ్రేలాడుచున్న వెండి లింగకాయ పెండ్లిండ్లలో నగలతోపాటు లెక్కింపబడుచున్నది. దూరదేశముల నుండి జనులు యోగమును వెదకుకొని వచ్చుచుండగా, ఇంటనే దానిని గుండెపై కట్టుకొన్నవారు దానిని మరచుట ఎంత చోద్యము!

శివయోగ విధానము క్లుప్తముగ నిది. స్నానానంతరము విభూతి ధరించి, ఆసనము వేసికొని, వెనుక చెప్పిన విధముగ పది శ్వాసలు విడిచి, లింగమును వెలుపలికి తీసి ఎడమ అరచేతిలో నుంచవలెను. ఆ చేయియే కరపీఠము. దానిని వక్షఃస్థలమునకెదురుగా, కన్నులకు కొంచెము దిగువగా నిలుపవలెను. అభిషేక, విభూతి, పుష్పార్చనలు ఎవరి యాచారము ప్రకారము వారు ముగించిన పిమ్మట సగము మూసిన కన్నులతో లింగమును చూచుచుండవలెను. నల్లని నునుపైన పూత గల ఆ లింగముపై దీపకాంతి ఒక చుక్కవలె మెరయును. చూపు ఆ చుక్కపై నిలువవలెను. కన్నులు బిగించి నీరు కారునంతవరకు చూచుట అవసరము లేదు. అలసినపుడు రెప్పలు వాల్చి, లోపల అదే రూపమును తలచి, మరల తెరువవచ్చును. నాలుక కదలక మంత్రము నడచుచుండవలెను. మొదట ఐదు నిమిషములు. నెలకొక రెండు నిమిషములు పెంచుకొనుచు పోయినచో ఏడాదికి అరగంట నిలుచును.

మనసు పారిపోవును. పారిపోవుట తప్పు కాదు. వేములవాడ రాజన్న సన్నిధిలో కోడె మ్రొక్కు చెల్లించు భక్తులు కోడెను పగ్గముతో పట్టి గుడిచుట్టు త్రిప్పి కట్టివేయుదురు. కోడె బెదరును, లాగును, నిలిచి మొరాయించును. మ్రొక్కు చెల్లించువాడు దానిని కొట్టడు, పగ్గము వదలడు. లింగముపై నిలిపిన చూపే మనసునకు పగ్గము. అది ఇరువదిసార్లు లాగిన ఇరువదిసార్లు మెల్లగా త్రిప్పి తెచ్చుటయే ధారణ. దీనిని పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో ముగ్ధభక్తుల కథల ద్వారా మరియు చక్కగ తెలిపెను. తండ్రి ఊరికి పోవుచు లింగమునకు పాలు నివేదింపుమని చెప్పిపోగా, గొడగూచి యను బాలిక పాలు తీసికొనిపోయి, శివుడు త్రాగకపోవుట చూచి, తాగునంతవరకు కదలనని ఏడ్చెను. రాయి పాలు త్రాగదను సంగతి ఆ పసిదానికి ఎవరును చెప్పలేదు. శివుడు త్రాగక తప్పలేదు. శాస్త్రము తెలియని ఆ బాలికకు లింగము తప్ప వేరొకటి కానరాలేదు. ధ్యానమునకు ఇంతకుమించిన లక్షణము ఏ గ్రంథమును చెప్పలేదు.

చేతనున్న ఇష్టలింగము స్థూలదేహమునకు, లోపలి ప్రాణలింగము సూక్ష్మదేహమునకు, భావలింగము కారణదేహమునకు సంబంధించినవని పెద్దలు చెప్పుదురు. చూపు లింగముపై నిలిచిన కొలది శ్వాస తనంత తానే మెల్లబడుటను సాధకుడు కొన్ని నెలలకు గమనించును. వెలుపలి లింగము లోపలి ప్రాణముతో ముడిపడుట అచ్చట మొదలగును. ఆధారాది ఆరు చక్రములకు ఆచారలింగము మొదలు మహాలింగము వరకు ఆరు లింగములను, భక్తస్థలము మొదలు ఐక్యస్థలము వరకు ఆరు స్థలములను జోడించి చెప్పు షట్‌స్థల సిద్ధాంతము లోతైనది. చెన్నబసవేశ్వరుడు దానిని విపులముగ నిరూపించెను. మొదటి ఏడాది సాధకుడు ఆ పట్టికలు కంఠస్థము చేయనక్కరలేదు. భక్తస్థలమున ఆచారము కుదిరినచో తక్కినవి గురువు సమయము చూచి చెప్పును.

లింగధారణ లేనివారు ఈ విధానమును ఎట్లు అనుసరింపవలెనని కొందరడుగుదురు. గూటిలోని దీపమును ఎదుట పెట్టుకొని కూర్చుండవచ్చును, లేదా ముక్కు కొనవద్ద శ్వాస రాకపోకలను గమనింపవచ్చును. కంటిజబ్బు గలవారికి రెండవదే మేలు.

స్త్రీలు తరచుగ అడుగు ప్రశ్న మరియొకటి కలదు. సిగ్గుచేత పైకి అడుగలేక మానుకొనువారే హెచ్చు. నెలసరి దినములలో లింగపూజ, ధ్యానము ఆపవలెనా యన్నది ఆ ప్రశ్న. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి యను ఐదు సూతకములు లింగధారికి లేవని శరణుల సిద్ధాంతము. 12వ శతాబ్దిలోనే ఆ మాట నిర్భయముగ పలికిన సంప్రదాయమిది. కనుక ఆ దినములలో లింగమును దూరముగ నుంచుట, ఇంటి మూలన కూర్చుండుట వీరశైవము నేర్పిన ఆచారము కాదు. పొట్టపై ఒత్తిడి కలుగు భుజంగాసనమును, ఒడలు అలసినచో మిగిలిన ఆసనములను ఆ రెండు మూడు దినములు విడువవచ్చును. శవాసనము, పది శ్వాసలు, కరపీఠమున లింగము – ఇవి ఏ దినమునను ఆగనక్కరలేదు.